ఇల్యా తాత అలక

రష్యన్ భాషలో నాకు మొదటగా నోటికి వచ్చిన పద్యం, కొలువులో తనకు అవమానం జరిగిందని రాజు మీద అలిగి అడవిదారి పట్టిన ఒక ముసలి వీరుడి కథ. ఎనభయ్యో దశకంలో పై చదువుకని కీవ్ వెళ్ళిన మా జట్టుకు మొదటి ఏడాదంతా భాష నేర్చుకోవడమే పని. ఆ భాష నేర్పిన టీచరుగారికేమో విభక్తుల పట్టికల కన్నా పద్యాల మీద నమ్మకం ఎక్కువ. పొట్టి పాదాలు, రొట్టె, గుర్రం, అడవి లాంటి రోజువారీ మాటలు, ఒక్కసారి పట్టుబడితే వదలని లయ ఉన్నాయి కాబట్టి, నాలుక తిరగని విదేశీ విద్యార్థికి ఇంతకంటే మంచి పద్యం దొరకదని ఆవిడ దాన్ని ఎంచుకున్నారు.

అలెక్సేయ్ కన్‌స్తాంతీనవిచ్ టాల్‌స్టాయ్ 1871లో రాసిన ఆ పద్యం పేరు ‘ఇల్యా మూరొమెత్స్’. మన పాఠకులకు టాల్‌స్టాయ్ అనగానే ‘యుద్ధము–శాంతి’ గుర్తుకు వస్తుంది గానీ, ఆయన వేరు, ఈయన వేరు. ఇద్దరూ దూరపు దాయాదులు. పద్యంలో కథ అనదగింది చాలా తక్కువ. ఏ ఆడంబరమూ లేని కవచం తొడుక్కుని, రొట్టెముక్క నములుకుంటూ, మిట్టమధ్యాహ్నపు ఎండవేళ ఇల్యా తాత పైన్ చెట్ల అడవిలో గుర్రం మీద పోతుంటాడు. కవచం గలగలలు తప్ప మరో చప్పుడు లేదు. మచ్చల గుర్రం డెక్కల కింద ఏపుగా పెరిగిన ఫెర్న్ మొక్కలు నలుగుతుంటాయి. తాత తనలో తను సణుక్కుంటూ ఉంటాడు. నీ దివాణం నాకేమంత గొప్ప కాదు, నీ విందుల కోసం నేను మొహం వాచి లేను, రొట్టెముక్క ఉంటే చాలనుకునే పల్లెటూరి మనిషిని. కానీ నా వంతు వచ్చినప్పుడు పానపాత్రను నన్ను దాటించి పోనిచ్చావు, ఇక ఇల్యా లేకుండా ఎలా నెగ్గుకొస్తావో నేనూ చూస్తాను, అని వ్లదీమిర్ రాజును ఉద్దేశించి గొణుగుతాడు. నీ దగ్గరున్న కుర్ర వీరులందరికీ తిండి యావ, ఆడవాళ్ళ యావ. నేను ఆ ఊసులు మరిచి చాలాకాలమైంది గానీ గద ఎత్తి ఒక్కటి వేశానంటే ఆ దెబ్బకు ఇప్పటికీ తిరుగులేదు, అంటాడు. పాలరాతి నేలలూ సంపన్నుల ముంగిళ్ళూ తనకు పడవంటాడు. త్సార్‌గ్రాద్ నుంచి, అంటే కాన్‌స్టాంటినోపుల్ నుంచి వచ్చే ధూపం పొగకు తలనొప్పి వస్తోందంటాడు. కీవ్ నగరం మూసిన పెట్టెలా ఉక్కపోస్తోందంటాడు. అలా తిట్టుకుంటూ పోయిపోయి, అడవిగాలి తగిలేసరికి ముసలాయన మొహం విప్పారుతుంది. చీకటి అడవి నిండా చెట్ల జిగురు వాసన, అడవి స్ట్రాబెర్రీల వాసన. అంతటితో పద్యం అయిపోతుంది.

యుద్ధం లేదు, రాక్షసుడు లేడు, రాజు ఒక్కసారి కూడా కంటికి కనపడడు. అయినా ఈ పద్యం మా హాస్టల్లో బాగా పనికొచ్చింది. సాయంత్రం టీ పంచేటప్పుడు ఎవరినైనా మరచిపోతే, ఆ మనిషి లేచి నిలబడి ‘నా వంతు దాటించావు’ అనే చరణం అప్పజెప్పి గది విడిచి వెళ్ళాలన్నది మాలో మేము పెట్టుకున్న నియమం. గుంటూరు యాసలో రష్యన్ పద్యం విని, అదే అంతస్తులో ఉండే ఉక్రెయిన్ కుర్రాళ్ళు గోడకు ఆనుకుని పొట్ట పట్టుకుని నవ్వేవారు. అందరికీ అది బడిలో చదివిన పద్యమే.

దాన్ని కవి పూర్తిగా సొంతంగా కల్పించలేదనీ, పాటలు పాడుకునే రైతుల దగ్గర ఈ తగవు అంతకు ముందే ఉందనీ టీచరుగారు ఒకరోజు చెప్పారు. ఆ మాట పట్టుకుని నేను గ్రంథాలయంలో నిఘంటువు పక్కన పెట్టుకుని బిలీనాలు చదవడం మొదలుపెట్టాను. బిలీనా అంటే రష్యన్ పల్లెల్లో తరతరాలుగా నోటి మీద నిలిచిన వీరగాథ. అంత్యప్రాస ఉండదు, చరణాలుగా విడదీసి ఉండదు. ఒకే రాగంలో, ఒకే రకం తూగుతో, చెప్పిన మాటనే మళ్ళీ చెబుతూ సాగిపోతుంది. టాల్‌స్టాయ్ పద్యానికి అలవాటు పడ్డ నాకు మొదట విసుగొచ్చింది. కానీ నాలుగైదు గాథలు దాటాక ఆ పునరుక్తి లేకపోతేనే వెలితిగా అనిపించసాగింది. అందుకు కారణం కొంత మా ఊరే కావచ్చు. మాది పల్నాడు. కారంపూడి వీరుల ఉత్సవాల్లో వీరవిద్యావంతులు పాడగా విన్న చెవులకు ఈ నడక మరీ పరాయిది కాదు.

ఇల్యాది రాజవంశం కాదు, ప్రభువర్గం కూడా కాదు. మూరొమ్ పట్టణం దగ్గర కరచారొవొ అనే ఊళ్ళో రైతు కొడుకు. ముప్పై ఏళ్ళపాటు కాళ్ళూ చేతులూ ఆడక ఇంట్లో కూర్చున్నవాడు, దారిన పోయే యాత్రికులు ఇచ్చిన పానీయం తాగి లేచి నిలబడ్డాడని గాథ. ఆ తరువాత కీవ్‌కు బయలుదేరి, దారిలో ఈలతోనే మనుషుల్ని చంపే ‘కోకిల దొంగ’ సొలొవేయ్‌ను పట్టి జీనుకు కట్టుకుని రాజు ముందు నిలబెట్టాడు. ఇక్కడివరకు పిల్లల పుస్తకాల్లోనూ ఉంటుంది. పిల్లల పుస్తకాల్లో అంతగా కనపడనిది రాజుతో వచ్చిన తగవు.

అది ఒక్క కథ కాదు. పాడేవారిని బట్టి మూడు నాలుగు రూపాల్లో వినిపిస్తుంది. ఒకదానిలో వ్లదీమిర్ రాజు బొయార్లనే పెద్ద ప్రభువులకూ వీరులకూ గొప్ప విందు చేస్తూ, అందరినీ పిలిచి ఇల్యాను పిలవడం మరిచిపోతాడు. ఇంకోదానిలో ఇల్యా ఎవరో తెలియని మనిషిగా, వేరే పేరుతో విందుకు వస్తే, బల్ల చివర చిన్నవాళ్ళ మధ్య చోటు చూపిస్తారు. కాకులతో కూర్చుని నువ్వు తింటూ నన్ను కాకిపిల్లల దగ్గర కూర్చోబెడతావా అని ఇల్యా రాజును నిలదీస్తాడు. మరొకదానిలో రాజు ఇచ్చిన బొచ్చుకోటును ఇల్యా నేల మీద ఈడ్చుకుంటూ రాజును నోటికొచ్చినట్టు తిట్టాడని బొయార్లు చాడీలు చెబుతారు. రాజు ఆ మాట నమ్మి ఇల్యాను లోతైన నేలమాళిగలోకి దింపించి, పైన మూత వేయిస్తాడు. ఆకలితో చావాలన్నది ఉద్దేశం. రాణిగారో, కొందరు పాడినట్లయితే రాజు కూతురో, రహస్యంగా అన్నపానాలు పంపుతుంది. కొన్నేళ్ళకు కాలిన్ రాజు దండెత్తి వచ్చి కీవ్‌ను చుట్టుముట్టినప్పుడు వ్లదీమిర్ ఏడుస్తూ ఆ మూత తీయిస్తే, ఇల్యా బతికే ఉంటాడు, సువార్త చదువుకుంటూ కనపడతాడు. ఆ తరువాత యుద్ధానికి వెళ్ళేది రాజు కోసం కాదని, వితంతువుల కోసం, తల్లిదండ్రులు లేని పిల్లల కోసం, బీదాబిక్కీ కోసమని మొహం మీదే చెప్పి వెళతాడు.

విందులో చోటు, విందులో గిన్నె అనే ఇంత చిన్న విషయం మీద ఇంత రాద్ధాంతమా అని మొదట్లో నాకు తోచింది. మాస్కో రాజ్యంలో వంశగౌరవాన్ని బట్టి ఎవరు ఎవరికి పైన కూర్చోవాలో లెక్కగట్టే పద్ధతి ఒకటి ఉండేది. సైన్యంలో పదవి నుంచి రాజుగారి బల్ల దగ్గర ఆసనం దాకా అన్నీ ఆ లెక్క ప్రకారమే. తన కంటే తక్కువ వంశమని తను నమ్మినవాడి కింద కూర్చోవడం కంటే రాజదండన మేలనుకున్న బొయార్లు ఉన్నారు. 1682లో ఆ పద్ధతిని రద్దు చేసి, ఆ లెక్కల పుస్తకాలను తగలబెట్టారు. ఇది తెలిశాక, గిన్నె దాటిపోవడం ఆ వినేవాళ్ళకు ఎంత పెద్ద సంగతో అర్థమైంది. పల్నాటివాడికి ఇది మరీ తేలిగ్గా అర్థం కావలసిన విషయం. మా బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడని పాడుకునే చోట, ఎవరి పక్కన ఎవరు తింటారన్నది ఏనాడూ చిన్న విషయం కాదు.

ఈ పాటలు దొరికిన తీరు కూడా ఒక గాథలాంటిదే. కీవ్ గొప్పతనం గురించి పాడే గాథలు కీవ్ పరిసరాల్లో కాదు, వందల మైళ్ళ దూరంలో ఉత్తరాన ఒనేగా సరస్సు చుట్టుపక్కల పల్లెల్లో మిగిలాయి. పావెల్ రీబ్నికొవ్ అనే యువకుడు రైతువేషంలో తిరుగుతూ పాటలు సేకరిస్తున్నాడని ప్రభుత్వానికి అనుమానం వచ్చి, 1859లో అతన్ని పెత్రోజవోద్‌స్క్ పట్టణానికి పంపేసింది. శిక్షగా పంపిన చోటే నిధి ఉందని ఎవరికి తెలుసు? 1860 మేలో సరస్సు మీద పడవలో పోతూ, గాలి అనుకూలించక, అతను షూయ్‌నావొలొక్ అనే లంక దగ్గర ఆగాడు. రాత్రి చలిలో, పొగచూరిన గుడిసె ఒకటి జనంతో నిండిపోయి ఉంటే, బయట మంట దగ్గర టీ కాచుకుని తాగి, గోతం మీద పడుకున్నాడు. ఎప్పుడూ వినని ఒక పాట చెవిన పడి మెలకువ వచ్చింది. కళ్ళు తెరిచి చూస్తే మంట చుట్టూ కొందరు రైతులు. మధ్యలో గుబురు తెల్లగడ్డంతో, చురుకైన కళ్ళతో, ఒక ముసలాయన గొంతుక్కూర్చుని, ఒకసారి ఈ పక్కవాడి వైపు, ఒకసారి ఆ పక్కవాడి వైపు తిరుగుతూ, మధ్యమధ్య ముసిముసిగా నవ్వుతూ పాడుతున్నాడు. పాట సద్కో అనే వర్తకుడిది. పాడిన మనిషి లియోంతీ బగ్దానవ్. రీబ్నికొవ్ అతన్ని మళ్ళీ పాడమని బతిమాలి రాసుకున్నాడు. 1861 నుంచి 1867 వరకు ఆయన సేకరణ నాలుగు సంపుటాలుగా వెలువడింది.

అచ్చులో చూసిన పండితులు కొందరు ఇవి నిజమేనా అని సందేహించారు. ఆ సందేహం పోగొట్టినవాడు అలెక్సాందర్ గిల్ఫెర్దింగ్. 1871 వేసవిలో ఒనేగా పల్లెలు తిరిగి, రెండు నెలల లోపే మూడు వందలకు పైగా గాథలను, పాడేవారి నోటి నుంచి వచ్చింది వచ్చినట్టు, పాడేవారి పేరు కింద వేరువేరుగా రాసుకున్నాడు. మరుసటి ఏడు మళ్ళీ బయలుదేరి, దారిలో విషజ్వరం సోకి కార్గొపోల్‌లో చనిపోయాడు. ఈ గాథలు అక్కడే ఎందుకు నిలిచాయన్నదానికి ఆయన చెప్పిన కారణాలు రెండు: స్వేచ్ఛ, మారుమూలతనం. ఆ ప్రాంతపు రైతులు భూస్వాముల కింద బానిసలుగా బతికినవాళ్ళు కాదు. కొలువును ఎదిరించి మాట్లాడే ఇల్యా వాళ్ళకు నచ్చడంలో ఆశ్చర్యం లేదు.

వారందరిలో పెద్ద గాయకుడు త్రఫీమ్ ర్యాబినిన్. ఒనేగా సరస్సులోని కీజి లంక దగ్గరి ఒక పల్లెకు చెందిన జాలరి. చిన్నప్పుడు వలలు బాగుచేసే పెద్దవాళ్ళ పక్కన కూర్చుని, చేతులు ముళ్ళు వేస్తుండగా చెవులు గాథలు నేర్చుకున్నాయి. 1871లోనే అతన్ని అప్పటి రాజధాని పీటర్స్‌బర్గ్‌కు పిలిపించి పండితుల సభలో పాడించారు. సంగీతకారుడు ముసొర్గ్‌స్కీ ఆ పాట బాణీలను స్వరపరిచి రాసుకున్నాడు. కవి కాగితం మీద ఇల్యా అడవిదారి పట్టిన ఏడాదీ, ర్యాబినిన్ నోట ఇల్యాను రాజధాని విన్న ఏడాదీ ఒకటే కావడం నాకు ఎప్పుడు తలచుకున్నా ముచ్చటగా ఉంటుంది.

ఒక ఆదివారం మమ్మల్ని లావ్రాకు తీసుకువెళ్ళారు. అప్పట్లో ఆ మఠం ప్రభుత్వ మ్యూజియం. కొండ లోపల, ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు అతుక్కోవలసినంత ఇరుకైన సొరంగాల్లో, గూళ్ళలో వరుసగా అద్దాల పెట్టెలు, వాటిలో సన్యాసుల శరీరాలు. వాటిలో ఒక పెట్టె మూరొమ్‌కు చెందిన ఇల్యాదట. ఆకాశమంత వీరుణ్ణి ఊహించుకుని పోయిన మా జట్టులో ఒకడు, ‘ఇంతేనా?’ అని తెలుగులో పైకే అన్నాడు. 1643లో చర్చి ఈయనను సాధువుగా ప్రకటించింది. 1594లో కీవ్ మీదుగా వెళ్ళిన ఎరిక్ లస్సోటా అనే రాయబారి కూడా ఈ వీరుడి సమాధిని ప్రస్తావించాడు. మేము ఇంకా ఆ దేశంలో ఉండగానే, 1988లో వైద్య నిపుణులు ఆ అవశేషాలను పరీక్షించి, మనిషి 177 సెంటీమీటర్ల పొడవనీ, వెన్నెముక జబ్బు ఆనవాళ్ళున్నాయనీ, యుద్ధంలో తగిలిన గాయాలున్నాయనీ తేల్చారు. ఆ పొడవు ఆ కాలానికి తక్కువేమీ కాదు. ముప్పై ఏళ్ళు కదలలేదన్న గాథకు వెన్నెముక మాట జతపడేసరికి మా టీచరుగారు పిల్లలా సంబరపడ్డారు. గాథలోని ఇల్యా, ఆ పెట్టెలోని ఇల్యా ఒక్కరేనని నేను ఒప్పుకోను గానీ, ఆవిడ సంబరాన్ని చెడగొట్టే ధైర్యం మా ఎవరికీ లేకపోయింది.

అసలు తగవు పాటల వయసు వ్లదీమిర్ కాలమంత పాతది కాకపోవచ్చు. పదో శతాబ్దం చివర కీవ్‌ను ఏలిన రాజు ఊళ్ళో, ఈ పాటల్లో కనపడే ‘కబాక్’లు, అంటే సర్కారు సారా దుకాణాలు, ఉండే అవకాశమే లేదు, అవి పదహారో శతాబ్దంలో వచ్చాయి. పాటల్లో ఇల్యాను పదేపదే ‘ముసలి కసాక్’ అంటారు. కసాక్ అంటే సరిహద్దుల్లో స్వేచ్ఛగా తిరిగే గుర్రపు యోధుడు. అదీ తరువాతి కాలపు మాటే. పండితుడు వ్సేవొలొద్ మీలెర్ అభిప్రాయంలో ఈ తగవు గాథ పదిహేడో శతాబ్దపు తొలినాళ్ళ అల్లకల్లోలంలో రూపు దిద్దుకుంది. ఆ రోజుల్లోనే మూరొమ్ నుంచి వచ్చిన ఇలేయ్‌కా అనే కసాక్, తాను రాజకుమారుడు ప్యోత్ర్‌నని చెప్పుకుని, బొలొత్నికొవ్ తిరుగుబాటులో కలిసి, చివరికి మాస్కోలో ఉరికంబం ఎక్కాడు. ఊరు ఒకటే, పేరూ ఒకటే. పాత వీరుడి పేరు మీద కొత్త తిరుగుబాటుదారు నీడ పడిందని మీలెర్ వాదన. నాకు ఇది నమ్మదగిందిగానే తోస్తుంది. లేకపోతే దేశాన్ని కాచిన వీరుడు ఒక్కసారిగా సారా దుకాణాల ముందు పడి ఉండే చినిగిన బట్టలవాళ్ళకు నాయకుడెలా అవుతాడు?

ఎందుకంటే పాటలోని ఇల్యా, పద్యంలోని తాతలా సణుక్కుంటూ పోడు. పిలుపు రాలేదని తెలియగానే విల్లు ఎక్కుపెట్టి, కీవ్ చర్చిల మీది శిలువలనూ బంగారు శిఖరాలనూ బాణాలతో కొట్టి కింద పడగొడతాడు. దుకాణాల దగ్గరి బీదవాళ్ళను కేకేసి పిలిచి, ఆ బంగారం ఏరుకుని అమ్ముకుని తాగండి, నేనూ మీతోనే తాగుతాను అంటాడు. రాజుకు వణుకు పుడుతుంది. ఇల్యాతో శిలువలు మార్చుకుని అన్నదమ్ములుగా ప్రమాణం చేసుకున్న దొబ్రీన్యా అనే వీరుణ్ణి రాయబారం పంపుతాడు. దొబ్రీన్యా ఎంత జాగ్రత్తపరుడంటే, ఎదురుగా వెళితే కోపంలో ఏం చేస్తాడోనని, వెనకనుంచి వెళ్ళి ఆ బలిష్ఠమైన భుజాలు పట్టుకుని మాట్లాడతాడు. పెద్దవాడు చిన్నవాడి మాట, చిన్నవాడు పెద్దవాడి మాట వినాలన్నది వాళ్ళ ప్రమాణం కాబట్టి ఇల్యా తగ్గుతాడు.

టాల్‌స్టాయ్‌కి ఈ శిఖరాలూ ఈ గుంపూ అక్కరలేకపోయాయి. ఆయనకు కావలసింది దాటిపోయిన గిన్నె ఒక్కటే. ఆయన జీవితం చదివినవారికి కారణం తేలిగ్గానే దొరుకుతుంది. ఎనిమిదేళ్ళ వయసులో యువరాజుకు ఆటల తోడుగా రాజసౌధంలోకి వెళ్ళినవాడు. ఆ యువరాజు రెండో అలెక్సాందర్‌గా సింహాసనమెక్కాక 1856లో ఆయనను తన సహాయక సైనికాధికారుల్లో ఒకడిగా నియమించాడు. కవికి ఆ కొలువు ఊపిరాడనిచ్చేది కాదు. బతిమాలుకుని బతిమాలుకుని 1861లో విడుదల తెచ్చుకున్నాడు. ఆ తరువాత ఒకసారి వేట సందర్భంలో, శిక్షపడిన రచయిత చెర్నిషేవ్‌స్కీ తరఫున చక్రవర్తితో మాట్లాడబోయి మాట పడ్డాడని చెబుతారు. చివరి ఏళ్ళు క్రాస్నీ రోగ్ అనే తన పల్లెలో, చుట్టూ అడవుల మధ్య గడిపాడు. ఉబ్బసం ఉండేది, భరించలేని తలనొప్పులు ఉండేవి. 1875లో అక్కడే పోయాడు. త్సార్‌గ్రాద్ ధూపానికి ఇల్యా తల నొప్పి పుట్టిందన్నప్పుడు అది ఎవరి తలో, ఆరోగ్యమైన గాలి పీల్చి ముసలాయన మొహం వికసించిందన్నప్పుడు అది ఎవరి ఊపిరో ఇక విప్పి చెప్పనక్కరలేదు.

ఛందస్సు కూడా ఆయన మార్చేశాడు. శ్రీనాథుడిదని పేరున్న మన పల్నాటి వీరచరిత్ర మంజరీ ద్విపదలో ఉండడం వల్ల పాడేవాడి నోటికి దగ్గరగానే నిలిచింది. టాల్‌స్టాయ్ మాత్రం బిలీనా నడక వదిలి, ప్రాసలున్న చిన్న చరణాలు తీసుకున్నాడు. గుంపుకు పాడడానికి పనికిరాని, ఒక్క మనిషి తనలో తను గొణుక్కోవడానికి సరిగ్గా సరిపోయే అచ్చు అది. ప్రభువంశపు కవి ప్రభువుల కొలువు నుంచి సెలవు అడిగాడు, అడవి దొరికితే చాలనుకున్నాడు. రైతులకు సెలవు అడిగే అలవాటు లేదు. వాళ్ళు తమ ఇల్యాను కొలువులోకే తిరిగి పంపారు, అదీ ఊరికే కాదు. ఇరవై ఏళ్ళప్పుడు నాకు పద్యమే ముద్దు. ఇప్పుడు మనవడికి చెప్పేటప్పుడు పాటలోని కథే చెబుతున్నాను. పద్యం మాత్రం ఇంకా నోటికి వస్తుంది.

దొబ్రీన్యా పిలిచినప్పుడు ఇల్యా పెట్టిన షరతు ఒక పాఠంలో ఇలా ఉంటుంది: రాజు ఈ క్షణమే కీవ్‌కూ చెర్నీగొవ్‌కూ ఆజ్ఞలు పంపాలి, దుకాణాలన్నీ మూడు రోజులు తెరిచి ఉంచాలి, జనమంతా డబ్బు కట్టకుండా తాగాలి, సారా తాగనివాడికి బీరు పోయాలి, బీరు తాగనివాడికి తియ్యని తేనె మద్యం పోయాలి, ఇల్యా ఊళ్ళోకి వచ్చాడని అందరికీ తెలియాలి. అలా చేయకపోతే వ్లదీమిర్ రాచరికం తెల్లవారేదాకానే. రాజు కాగితం కలం తెమ్మన్నాడు, ఆలస్యం చేయలేదు. ఆ తరువాత విందులో మంచి చోట కూర్చున్న ఇల్యా, ఎవరిని పంపాలో నీకు బాగానే తెలుసు రాజా, దొబ్రీన్యాను కాక ఇంకెవరిని పంపినా నువ్వూ రాణీ కూర్చున్న చోటికే బాణం వేసేవాణ్ణి అని తాపీగా చెప్పి, తన వంతు గిన్నె అందుకున్నాడు.